ఉక్కునగరం ముక్కు

విశాఖపట్నం ముక్కుకు ఓర్పు ఎక్కువ. 1933లో ఓడరేవు తెరిచిన నాటి నుంచి ఖనిజాల ధూళినీ, 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారపు ఘాటునూ, చేపల రేవులో ఎండుచేపల కంపునూ అది కిమ్మనకుండా పీల్చుకుంటూ వచ్చింది; పోరాడి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారం గనుక కోకు బట్టీల పొగను కూడా అభివృద్ధి పరిమళం కిందే జమకట్టింది. ఇంతటి సహనశీలమైన నాసిక, యాభై ఏళ్ల ఇల్లాలి జాకెట్టు చంక దగ్గర తడవగానే ఉన్నట్టుండి సుకుమారమైపోవడం పరిశోధకులు దృష్టి పెట్టదగిన వింత.

నెలసరి వరుసగా 12 నెలలు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. భారతీయ స్త్రీలలో ఈ దశ సగటున 46, 47 ఏళ్లకే వస్తుంది. ఈస్ట్రోజన్ హార్మోను తగ్గేసరికి, ఒంటి వేడిని అదుపులో ఉంచే హైపోథాలమస్ అనే మెదడు భాగం చాదస్తపు కాపలాదారులా మారి, వేడి రవ్వంత పెరిగినా ఇల్లు తగలబడినట్టు గగ్గోలు పెట్టి, చర్మపు రక్తనాళాలను వెడల్పు చేసి చెమట పట్టిస్తుంది. వైద్యులు హాట్ ఫ్లష్ అనీ, ఇళ్లలో ఆవిర్లు అనీ పిలిచే ఈ స్థితి నిమిషాల్లోనే చల్లారుతుంది గానీ, సముద్రపు తేమతో నిండిన విశాఖ ఉక్కపోతలో ఆ తడి ఆరదు. ఇక వాసన సంగతి: అప్పుడే పట్టిన చెమటకు సొంత వాసన దాదాపు ఉండదు, చంకల్లోని అపోక్రైన్ గ్రంథులు వదిలే జిడ్డు ద్రవాన్ని చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. నేరం బ్యాక్టీరియాది, శిక్ష మాత్రం ఆమెకు.

ఈ తీర్పు రాసింది బజారు. అమెరికాలో ఒక శస్త్రవైద్యుడు ఆపరేషన్ వేళ తన చేతులకు చెమట పట్టకుండా తయారుచేసుకున్న ద్రవాన్ని, ఆయన కూతురు ఎడ్నా మర్ఫీ 1912 ప్రాంతంలో ఓడొరోనో పేరుతో స్త్రీల చంకలకు అమ్మకానికి పెట్టింది. 1919లో ఒక మహిళా పత్రికలో, ఆడవారి చంక వాసనను వారి ముఖాన చెప్పలేని రహస్యంగా చిత్రించిన ప్రకటన వెలువడితే, దాదాపు 200 మంది పాఠకురాళ్లు అవమానపడి చందాలు మానుకున్నారు. సరుకు అమ్మకాలు మాత్రం ఏడాదిలో రెట్టింపు దాటాయి. సర్జన్ చేతుల చెమట ఆడవారి సిగ్గుగా బదిలీ అయిన వైనం ఇది. నలభై దాటినవారి చర్మం మీద నోనెనాల్ అనే వాసన పదార్థాన్ని 2001లో బయటపెట్టిన పరిశోధన ఒక జపాన్ సౌందర్య సాధనాల సంస్థది. ఆ వాసన పేరెత్తితే అక్కడివారికి ముందు గుర్తొచ్చేది నడివయసు మగవారే. ఈ భాగాన్ని మన ప్రకటనకర్తలు ఎందుకో అనువదించుకోలేదు.

ఇప్పుడు దుకాణాల అరల్లో హార్మోన్లను సమతూకం చేస్తామనే టీ పొడులు కూడా చేరాయి. విశ్రాంతి తీసుకున్న అండాశయాలను ఏ పొడీ మళ్లీ కొలువుకు పిలవలేదు. పైగా వేడి పానీయాలు ఆవిర్లను రేపుతాయి కాబట్టి, మంటకు మందుగా నిప్పును అమ్మిన ఘనత ఈ వర్తకులదే.

వయసు రాకముందే ముట్లుడిగే దశలోకి నెట్టబడినవారి ఊసు మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3 మందైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే నలభై నిండకపోయినా ఆవిర్లు మొదలవుతాయి. కత్తి తెచ్చిపెట్టిన ఈ వేడి, సెంటు సీసాకు ఎలా కనపడుతుంది?

గాజువాకలో వైశాఖమాసపు పెళ్లి ఏదైనా చూస్తే చాలు. లైనింగు వేసి చంక బిగించి కుట్టిన పాలియెస్టర్ జాకెట్టులో పెళ్లికూతురి మేనత్త వడ్డనల మధ్య తిరుగుతూ ఉంటుంది. చంక కింద అర్ధచంద్రాకారపు తడి, దాని అంచున ఆరిన చోట తెల్లటి ఉప్పు గీత. స్టాండు ఫ్యాన్లన్నీ కుర్చీల్లో కాళ్లు బారచాపుకున్న మగపెళ్లివారి వైపే తిరిగి ఉంటాయి. ఆమెకు కావలసింది నూలు జాకెట్టు, ఒక ఫ్యాన్, చంకకు రాసుకోవడానికి మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటిక ముక్క. అంగడిలో దొరికే చెమట నిరోధకాల్లో ఉండేది కూడా పటిక లాంటి అల్యూమినియం లవణమే. రాత్రి చెమటలు విపరీతమైతే థైరాయిడ్‌నూ క్షయనూ పరీక్షించి, అవసరమైతే హార్మోను చికిత్స సూచించే వైద్యురాలు కూడా కావాలి. ఇవేవీ కానుకగా రావు. వచ్చేది సెంటు సీసా.

అదే నగరంలో, సింహాచలం కొండ మీద, స్వామి ఉగ్రరూపపు వేడిని చల్లార్చడానికని ఏటా నాలుగు విడతలుగా భక్తితో చందనం అరగదీసి పూస్తారు. అక్షయతృతీయ నాడు నిజరూప దర్శనానికి వేలాదిమంది ఎండలో చెమటలు కక్కుతూ ఒకరినొకరు ఆనుకుని గంటల తరబడి నిలబడతారు. ఆ వరుసలో పక్కవారి చెమట వయసెంతో ఎవరి ముక్కూ ఆరా తీయదు.