పరామర్శకొచ్చిన పొడి డబ్బా

మన రాష్ట్రాల్లో క్యాన్సర్ డాక్టర్లు చాలినంతమంది లేరని అంటుంటారు. అనేవాళ్ళు ఈమధ్య ఎవరింటికీ పరామర్శకు వెళ్ళినట్టు లేదు. ఒకింటి ఇల్లాలికి రొమ్ములో గడ్డ ఉందని, బయాప్సీలో తేలిందని కబురు పొక్కితే చాలు, సాయంత్రానికల్లా ఆ ఇంటి హాలు నిపుణులతో నిండిపోతుంది. మేనత్త గోధుమగడ్డి రసం సీసాతో దిగుతుంది. తోడికోడలి తమ్ముడు లక్ష్మణఫలం ఆకులు పేపర్లో చుట్టుకొస్తాడు. పై వాటాలో ఉండే ఆవిడ, నిరుడు దాకా చీరలమ్మి ఈ ఏడాది ‘వెల్‌నెస్ కోచ్’ అయిన మనిషి, మెరిసే మూత ఉన్న డబ్బా ఒకటి టీపాయ్ మీద పెట్టి, ‘‘వదినా, ఇది వాడావంటే కీమో చేసినట్టే తెలీదు’’ అంటుంది. ఊరక రారు మహానుభావులు!

ఒకప్పుడు పరామర్శకు బత్తాయిలు, హార్లిక్స్ సీసా పట్టుకెళ్ళేవారు. రోగి ముట్టకపోతే పిల్లలు లాగించేవారు. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ కమీషనూ లేదు. ఆ అనాగరిక యుగం ముగిసిపోయింది.

డబ్బాలో ఉన్నదేమిటన్నది తర్వాత సంగతి. ముందు దాని నోరు చూడాలి. తెచ్చినావిడ నోట అది క్యాన్సర్ కణాలను వెతికి వెతికి చంపుతుంది, మంచి కణాల జోలికి పోదు. అదే డబ్బాను వెనక్కి తిప్పితే, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో ‘ఔషధంగా వాడరాదు’ అని ఉంటుంది. ఎందుకలాగంటే, మందు కాదని ఒప్పుకుంటేనే అది అంగట్లోకి వస్తుంది. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి మంత్ర తంత్ర చికిత్సల ప్రకటనల చట్టం ఏనాడో నిషేధించింది. డబ్బా మీద అచ్చువేస్తే కేసు. వదిన చెవిలో చెబితే ఆప్యాయత. అంచేత కంపెనీ నోరు మూసుకుని, మాట్లాడే పని మన చుట్టాలకు అప్పగించింది.

‘‘మరి దీనివల్ల ఇబ్బందేమీ ఉండదా?’’ అని ఆ ఇల్లాలి భర్త భయంభయంగా అడుగుతాడు. ‘‘అయ్యో అన్నయ్యా, ఇది మందు కాదుగా, ఆకులూ అలములూ, తిండిలాంటిదే!’’ రెండు నిమిషాల కిందట పదివేల కీమోల పెట్టు. ఇప్పుడు తోటకూర. అమ్మేటప్పుడు సింహం, లెక్క అడిగితే చిట్టెలుక. ఈ పొడి వ్యాపారపు గుట్టంతా ఇక్కడే ఉంది. రోగి ఒంట్లో ఉన్న గడ్డను కరిగించగల పదార్థం, అదే ఒంట్లో తిరుగుతున్న కీమో మందును మాత్రం చూసీచూడనట్టు పక్కకు తప్పుకుంటుందట. అంత సంస్కారం మనుషుల్లో కూడా చూడలేదు.

లక్ష్మణఫలం కీమోకన్నా పదివేల రెట్లు మేలని వాట్సాప్‌లో తిరిగే ఆ లెక్క పుట్టుక కూడా వినండి. లక్ష్మణఫలం గింజల్లోంచి తీసిన ఒక రసాయనాన్ని గాజుపాత్రలో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేసి చూసిన ప్రయోగం ఒకటి 1996లో అచ్చయింది. రొమ్ము కాదు, మనిషి కాదు, కనీసం ఎలుక కూడా కాదు. గాజుపాత్రలో బ్లీచింగ్ పౌడరు వేసినా కణాలు చస్తాయి. అంతమాత్రాన బ్లీచింగ్ పౌడరును ఎవరూ పరామర్శకు తేరు. కానీ వాట్సాప్‌కు అంత ఓపికెక్కడిది? గింజ ఆకైంది, పేగు రొమ్మైంది, పాత్ర మనిషైంది. మన ఊరి తోటలోని చెట్టు ఒక్క రాత్రిలో బోడిదైంది.

పసుపు మాటెత్తితే ఇంకా చిక్కు. పసుపును అనడం మన కొంపల్లో అమ్మవారిని అన్నట్టే. పప్పులో పసుపు, రసంలో మిరియం గురించి ఇక్కడ పేచీ లేదు. హాయిగా తినండి. పేచీ వచ్చేది, పసుపులో నూటికి రెండు మూడు పాళ్ళుండే కర్కుమిన్‌ను పిండి గుళికలో కుక్కి, అది పేగుల్లోంచి ఒంటికి పట్టదని మిరియాల సారం పైపరిన్ జోడించి అమ్మినప్పుడు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో డాక్టర్లు రొమ్ము క్యాన్సర్ మాత్ర టామోక్సిఫెన్ వాడుతున్న 16 మంది స్త్రీలకు ఈ జోడీ ఇచ్చి చూసి, ఫలితం 2019లో ప్రచురించారు. టామోక్సిఫెన్ ఒంట్లో పడ్డాక ఎండాక్సిఫెన్‌గా మారితేనే అసలు పని జరుగుతుంది. ఆ ఎండాక్సిఫెన్ రక్తంలో సుమారు 12 శాతం తగ్గింది. చిన్న పరిశీలన, నిజమే. అయినా ఐదేళ్ళూ పదేళ్ళూ రోజూ మింగే మాత్ర బలాన్ని, దానికి ‘తోడుగా’ ఉంటానని వచ్చిన గుళిక తగ్గించింది. చుట్టంగా వచ్చి పడక గదిలో మకాం పెట్టడమంటే ఇదే.

‘‘విటమిన్ ఎవరికైనా చెడు చేస్తుందా?’’ అని నిలదీసేవారి కోసం భీమవరం వెళ్ళొద్దాం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును మనవాడని ప్రతి జనవరిలో దండలేసి గుర్తు చేసుకుంటాం. ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా తన బృందంతో ఫోలిక్ యాసిడ్ తయారు చేశారు. అది విటమినే, నికార్సైన విటమిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్త క్యాన్సర్‌తో చనిపోతున్న పసిపిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. మన మేనత్త ఆలోచనే, పాపం: నీరసంగా ఉన్నారు, బలం ఇద్దాం. పిల్లలకు బలం రాలేదు. జబ్బుకు వచ్చింది. క్యాన్సర్ కణాలు ఆ విటమిన్‌ను ఆబగా తిని ఇంకా వేగంగా పెరిగాయి.

ఫార్బర్ స్థానంలో మన వెల్‌నెస్ కోచ్ ఉంటే, ‘‘లోపలి చెడంతా బయటికొస్తోంది, డోసు పెంచండి’’ అని ఉండేది. ఆయన లెక్కను తిరగేశాడు. విటమిన్ పెంచితే జబ్బు పెరిగింది కాబట్టి, ఆ విటమిన్‌ను అడ్డుకుంటే? సుబ్బారావు బృందం ఆ అడ్డుపుల్లను తయారు చేసి ఇచ్చింది. పేరు అమినోప్టెరిన్. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో, వైద్యం చేసిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. 1970లలో ఇటలీలో బొనడోన్నా అనే డాక్టరు రొమ్ము క్యాన్సర్‌కు వాడి పేరు తెచ్చిన మూడు మందుల కలయికలో అదొకటి. అంటే కీమోథెరపీ చరిత్రలో మొదటి పేజీల్లోనే, మన తెలుగువాడి చేతి మీదుగా రాసిన పాఠం ఇది. ఆ తెలుగువాడి ఊరి జిల్లాలోనే ఇప్పుడు కీమో మధ్యలో ‘బలానికి’ విటమిన్ డబ్బాలు పంచుతున్నారు. దండ వేస్తాం గానీ ఆయన ఏం చేశాడో చదవం. చదివితే దండ వేసే తీరికుండదు మరి.

పాత కథేమీ కాదిది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే కేపెసిటబిన్ మాత్రలకు ఫోలిక్ యాసిడ్ మాత్ర తోడైతే విరేచనాలు, నోటిపూత లాంటి బాధలు పెరిగే ప్రమాదం ఉందని డాక్టర్లు ఇవాళ్టికీ హెచ్చరిస్తారు. టాక్సేన్ జాతి కీమో ఎక్కినవారికి అరికాళ్ళు, వేళ్ళు తిమ్మిరెక్కి మంటలు పుడతాయి. దానికి నరాల బలం మాత్రగా ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ భలే అమ్ముడయ్యేది. అమెరికాలో 409 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అదీ ఇంకో జట్టుకు ఉత్తుత్తి మాత్రా ఇచ్చారు. 2013లో ఫలితం వచ్చింది. 24 వారాలకు, తిమ్మిర్లు తగ్గాలని అసలు మాత్ర వేసుకున్నవారికే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. ఉత్తుత్తి మాత్ర వాళ్ళు నయం! పరీక్ష చేయకపోతే ఈపాటికి ఆ మాత్ర ఎంతమంది నరాలకు ‘బలం’ ఇస్తుండేదో.

ఇంకొక లెక్కలో జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే అవతలివాళ్ళు మాట్లాడరు కనుక. కీమో చేయించుకున్న 1,134 మంది స్త్రీలను వాళ్ళు వాడిన సప్లిమెంట్ల గురించి అడిగి, తర్వాత ఏళ్ళ తరబడి గమనించారు. కీమోకు ముందూ కీమో మధ్యలోనూ విటమిన్ ఎ, సి, ఇ, కోఎంజైమ్ క్యూ10 లాంటి యాంటీఆక్సిడెంట్లు వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ కనిపించింది, కానీ గట్టిగా తేల్చి చెప్పేంత కాదు. బి12 వాడినవారి విషయంలో మాత్రం తేడా స్పష్టంగా ఉంది. మల్టీవిటమిన్‌తో అటూ ఇటూ ఏ తేడా లేదు. ఇది పరిశీలనే గాని, అదే కారణమని రుజువు కాదు. బి12 లోపం ఉందని రక్తపరీక్షలో తేలి డాక్టరు రాస్తే అది వేరే మాట. కానీ ‘పోయేదేముంది, వాడి చూడు’ అనే మాటకు ఇంత సందేహం చాలదా? కీమో మందుల్లో కొన్ని క్యాన్సర్ కణాన్ని ఆక్సీకరణతో దెబ్బతీసి చంపుతాయి. అదే వారం యాంటీఆక్సిడెంట్ పోయడమంటే దొంగను కొట్టే పోలీసు లాఠీకి దూది చుట్టడం.

జుట్టు గురించి చెప్పకపోతే ఆడవాళ్ళకు కోపమొస్తుంది. కీమోలో జుట్టు రాలుతుంది, అయిపోయాక మళ్ళీ వస్తుంది. ఈ రెండిటి మధ్య ఉన్న ఖాళీలోకి బయోటిన్ గమ్మీలు జొరబడ్డాయి. అది ఎక్కువ మోతాదులో రక్తంలో ఉంటే కొన్ని ల్యాబ్ పరీక్షల అంకెలే తారుమారవుతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. జుట్టు వచ్చినా రాకపోయినా రిపోర్టు మాత్రం తప్పు రావచ్చు. ఆ రిపోర్టు చూసి డాక్టరు నిర్ణయం మార్చవచ్చు. గమ్మీ స్ట్రాబెర్రీ రుచి బాగుంటుందంటారు.

ఇక పెద్ద వేదిక సంగతి. 2024 నవంబరులో అమృత్‌సర్‌లో మాజీ క్రికెటర్, రాజకీయ నాయకుడు నవజ్యోత్ సింగ్ సిద్ధూ విలేకరులను పిలిచి, తన భార్య నాలుగో దశ క్యాన్సర్ నుంచి బయటపడిందని సంతోషంగా చెప్పారు. సంతోషించాల్సిన వార్తే. ఆ సంతోషంలో పాలు, చక్కెర మానడం, నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, భోజనాల మధ్య ఎడం కూడా ఏకరువు పెట్టారు. దేశమంతా వేపచెట్ల మీద పడింది. ఆమెకు ఆపరేషన్, కీమో కూడా జరిగాయన్న ముక్క వీడియోను కత్తిరించేటప్పుడు కింద పడిపోయింది. ముంబయి టాటా మెమోరియల్‌కు చెందిన 262 మంది క్యాన్సర్ డాక్టర్లు, మాజీలతో సహా, ఈ మాటలకు ఆధారం లేదు, చికిత్స ఆలస్యం చేయకండని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ పథ్యం డాక్టర్ల సలహాతోనే జరిగిందని తర్వాత సిద్ధూ కూడా వివరణ ఇచ్చారు. వివరణను ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. వివరణలో వేపాకు లేదు కదా.

తిండితో జబ్బు తిరిగి రాకుండా ఆపగలమా అని నిజంగానే పరీక్షించారు. అమెరికాలో 3,088 మంది, సగటున ఏడేళ్ళకు పైగా పర్యవేక్షణ. ఒక జట్టుకు కూరలు, పండ్లు దండిగా, కొవ్వు తక్కువ, దానికితోడు రోజుకు అర లీటరుకు కాస్త తక్కువగా కూరగాయల రసం. రెండో జట్టుకు మామూలు ఆరోగ్య సలహా. 2007లో లెక్క తేలింది: తిరగబెట్టడంలో తేడా లేదు. మంచి తిండి గుండెకు మంచిది, షుగరుకు మంచిది. క్యాన్సర్ మాత్రం జ్యూసు తాగి బుద్ధి తెచ్చుకోలేదు.

డాక్టర్లే రాసే సప్లిమెంట్లూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు వాడే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఎముకలను గుల్ల చేస్తాయి గనుక ఎముకల స్కాను తీయించి, కాల్షియం, విటమిన్ డి రాస్తారు. కీమోలో కండ కరగకుండా కిలో బరువుకు కనీసం ఒక గ్రాము మాంసకృత్తులు, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా తినమంటారు. 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. పప్పు, పెరుగు, ఉడికిన గుడ్డు, చేపతో అది తీరుతుంది. వీటికెవరూ స్టార్ హోటల్లో సెమినార్ పెట్టరు. ఉడికిన గుడ్డుకు డిస్ట్రిబ్యూటర్ లేడు, గొలుసు కింద గొలుసు లేదు. పైగా మన నిపుణులు మొదట మాన్పించేవి అవే: ‘‘పాలు విషం, గుడ్డు విషం, అన్నం చక్కెర.’’ నోరు పూసి ముద్ద దిగని మనిషి చేత ఉన్న రెండు ముద్దలూ మాన్పించి, తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయిన వారంలో సరిగా కడగని పచ్చిగడ్డి రసం పట్టిస్తారు. జ్వరమొస్తే ‘డీటాక్స్’.

చివరి సలహా ఎప్పుడూ గుమ్మం దగ్గర, చెప్పులేసుకుంటూ, గొంతు తగ్గించి వస్తుంది: ‘‘డాక్టరుకు చెప్పకు వదినా. వాళ్ళకివి తెలీవు, ఒప్పుకోరు.’’ అంత గొప్ప మందును, దాని గుణం కనిపెట్టగల ఒకే ఒక్క మనిషి కంట పడకుండా ఎందుకు దాస్తున్నట్టు? కీమో వార్డులో నర్సు ‘‘ఇంకేమైనా వాడుతున్నారా?’’ అని అడిగితే, ‘‘ఏం లేదు సిస్టర్’’ అంటుంది ఆమె. మర్నాడు లివర్ పరీక్ష అంకెలు పైకి లేస్తాయి. కీమో వల్లేనేమోనని తర్వాతి సైకిల్ వాయిదా వేస్తారు. ఆమె గుట్టుగా తాగుతున్న తిప్పతీగ సంగతి కేసు షీటులో ఉండదు. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవారి గురించి రాసిన సంగతి మేనత్తకు ఫార్వర్డ్ అయి ఉండదు.

ఇంత కష్టపడిన డబ్బాకు ఖాతా పుస్తకం మాత్రం ఒకే వైపు ఉంటుంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయి ఆమె బాగుపడితే, పై వాటా ఆవిడ స్టేటస్‌లో డబ్బా ఫోటో. బాగుపడకపోతే డబ్బా తప్పు ఎన్నటికీ కాదు: ‘‘చెప్పాగా, ఉదయం పరగడుపునే తాగమని. ఆ రోజు పెళ్ళిలో లడ్డూ ముట్టుకుంది, నేను కళ్ళారా చూశాను.’’ జబ్బు బారినపడ్డ మనిషి మీదే నేరం మోపి, మంచం దగ్గరే నిలబడి రోగి భర్తను మెల్లగా అడుగుతుంది: ‘‘అన్నయ్యా, సీలు తీయని డబ్బాలేమైనా మిగిలాయా? మా ఆడపడుచుకు మోకాళ్ళ నొప్పులు. దానికీ ఇదే వాడతారు.’’