గోథమూరి గొయ్యి: సటీకా తాత్పర్యం

మెదక్ దగ్గరి కొల్చారం పండితుడు మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీక రాసేటప్పుడు ఒక ఒట్టు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని. అంత నిష్ఠ గలవాడు సూపర్‌హీరో సినిమాల జోలికి రాలేడు. అందుచేత ప్రస్తుత టీకాకారుడు ఆ ఒట్టులో మొదటి సగం తీసుకుని, రెండో సగాన్ని కొల్చారంలోనే వదిలేశాడు.

వ్యాఖ్యానానికి ఎంచుకున్న గ్రంథం ‘ద డార్క్ నైట్ రైజెస్’. క్రిస్టఫర్ నోలన్ తీసిన మూడు బ్యాట్‌మాన్ సినిమాల్లో ఇది ఆఖరిది. 2005లో ‘బ్యాట్‌మాన్ బిగిన్స్’, 2008లో ‘ద డార్క్ నైట్’, 2012 జులైలో ఇది. భారతాన్ని తెలుగు చేయడానికి ముగ్గురు కవులు కావలసి వచ్చారు. వారిలో ఆఖరివాడైన ఎర్రన చేసింది కథను ముందుకు లాగడం కాదు, వెనక మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని పూరించడం. నోలన్ మూడో సినిమా స్వభావమూ అదే. ఎంత హడావుడి చేసినా దాని చూపంతా వెనక్కే. ఈ మాటకు సాక్ష్యాలు ముందు ముందు వస్తాయి.

మూలం:

తాడు వదలి దూకె ధైర్యమే తాడుగా
గొయ్యి దాటి మరల గోథమూరు
చేరె, నెట్లు చేరె? చెప్పడు నోలను
టీక రాయవలయు టెక్కుతోడ.

ఆటవెలది. కర్త ఎవరని అడగరాదు. మూలం దొరకనప్పుడు టీకాకారుడే ఒకటి కట్టుకోవడం మర్యాద కాదు గానీ, మన సాహిత్యంలో దొంగ పద్యాలకు ఏనాడూ కరువు లేదు.

ప్రతిపదార్థం. తాడు = బ్యాట్‌మాన్ ముసుగు వెనకాల ఉన్న బ్రూస్ వేన్ నడుముకు కట్టుకుని రెండుసార్లు దూకి, రెండుసార్లూ గోడకు కొట్టుకుని వేలాడిన తాడు. వదలి = గుడ్డి ఖైదీ సలహా ప్రకారం విప్పేసి; చావు భయం లేనివాడి కాళ్లకు బలం చాలదని ఆ ముసలాయన సిద్ధాంతం. దూకె = మూడోసారి. గొయ్యి = బేన్ అనే మల్లుడు బ్యాట్‌మాన్ నడుం విరిచి పారేసిన పాతాళ కారాగారం. దీని పై అంచు మన జోధ్‌పూర్‌లో, మెహ్రాన్‌గఢ్ కోట ఎదురుగా. లోపలి గోడలు ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో, ఒకప్పుడు ఎయిర్‌షిప్పులు నిలిపిన షెడ్డులో వేసిన సెట్టు. కనుక నాయకుడు ఇంగ్లండులో ఎక్కడం మొదలుపెట్టి రాజస్థాన్‌లో తేలాడు. దూకిన దూరం తెర మీద కనబడేదానికన్నా చాలా ఎక్కువని సహృదయులు గ్రహించాలి.

గోథమూరు = గోథమ్ అనే పట్టణం. మొదటి రెండు సినిమాల్లో ఇది ముఖ్యంగా చికాగో. మూడోదానికి వచ్చేసరికి పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలస్, న్యూయార్క్ వీధులు కలిపి కుట్టిన ఊరు. ఆటగాడు బంతి పట్టుకుని పరుగెడుతుంటే వెనకాల మైదానం కుంగిపోయే ఘట్టం పిట్స్‌బర్గ్‌లోని అప్పటి హైంజ్ ఫీల్డులో తీశారు. పరుగెత్తినవాడు ఆ ఊరి స్టీలర్స్ జట్టు ఆటగాడు హైన్స్ వార్డే.

నోలను = ఇక్కడ పెద్ద చిక్కుంది. ఈ కథలో నోలన్లు ముగ్గురు. దర్శకుడు క్రిస్టఫర్, స్క్రీన్‌ప్లేలో పాలుపంచుకున్న తమ్ముడు జోనథన్, 1993లో చక్ డిక్సన్, డగ్ మెంచ్‌లతో కలిసి బేన్ పాత్రను సృష్టించిన బొమ్మల కథల చిత్రకారుడు గ్రాహమ్. చివరాయనకు మొదటి ఇద్దరితో చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒక్కటే. ‘చెప్పడు’ అని ఏకవచనం వాడారు కాబట్టి దర్శకుణ్నే గ్రహించాలి. చెప్పవలసిన బాధ్యత కూడా ఆయనదే.

తాత్పర్యం. ఎనిమిదేళ్లుగా ఇంటి తలుపులు బిగించుకుని, చేతికర్ర పట్టుకుని కుంటుతున్న కోటీశ్వరుడు మళ్లీ ముసుగు వేస్తాడు, దెబ్బ తింటాడు, గోతిలో పడతాడు, నెలల తర్వాత పైకొచ్చి ఊరు కాపాడతాడు. తక్కినదంతా వర్ణన.

శంక. గొయ్యి ఎక్కడో ఎడారి దేశంలో ఉంది. నాయకుడి ఆస్తి అప్పటికే స్టాక్ ఎక్స్ఛేంజి మోసంలో హరించుకుపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు, పాస్‌పోర్టు లేదు. గోథమ్ వంతెనలు కూల్చేశారు, మిగిలిన ఒక్కదానికీ కాపలా. నది మీద పలచని మంచు. బహిష్కరణ శిక్ష పడినవాళ్లు దాని మీద నడిచి మునిగిపోతున్నారు. మరి ఇతను తీరిగ్గా ఊళ్లో ఎలా ప్రత్యక్షమయ్యాడు? సినిమా విడుదలైన నాటి నుంచీ ప్రేక్షకులు దీన్ని పట్టుకుని వదల్లేదు.

సమాధానం. పూర్వగ్రంథమే ప్రమాణం. ‘బ్యాట్‌మాన్ బిగిన్స్’లో ఈ బ్రూసే ఏడేళ్లు పేరు దాచుకుని, డబ్బు లేకుండా, దొంగల్లో దొంగై దేశాలు తిరిగాడు. ఆసియాలో జైలు కూడు తిన్నాడు. అలాంటివాడికి టికెట్ లేని ప్రయాణం కొత్త కాదు. ఇక మంచు సంగతి. ఆ సినిమాలోనే గురువు రాజ్ అల్ ఘుల్ అతనికి కత్తిసాము నేర్పింది గడ్డకట్టిన సరస్సు మీద. అక్కడ శిష్యుడు కాళ్ల కింది మంచు చూసుకోక నీళ్లలో పడ్డాడు. ఒకసారి మునిగినవాడికి మంచు ఎక్కడ మోస్తుందో తెలుస్తుంది. ఇదంతా నోలన్ చెప్పాడా అంటే చెప్పలేదు. టెక్కుతోడ రాయమని మూలమే అనుమతి ఇచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మూడో సినిమా మొదటి సినిమాకు నోలన్ స్వయంగా రాసుకున్న టీక. అక్కడ చిన్నపిల్లవాడు పాడుబడ్డ బావిలో పడితే తండ్రి తాడు మీద దిగి ఎత్తుకున్నాడు. ఇక్కడ అదే పిల్లవాడు పెద్దవాడై తాడు విప్పి తనే ఎక్కాడు. బావిలోంచి లేచి అతణ్ని హడలగొట్టిన గబ్బిలాలు, ఇక్కడ అతను దూకబోయే క్షణాన గోడ సందులోంచి గుంపుగా ఎగురుతాయి. అక్కడ రైల్లో చావనిచ్చిన గురువు కోసం ఇక్కడ కూతురు తాలియా పగ తీర్చుకోవడానికి వస్తుంది. స్కేర్‌క్రో అనే చిన్న విలన్ మూడింట్లోనూ ఉన్నాడు; ఆఖరిదాంట్లో ఫైళ్ల గుట్ట మీద కూర్చుని న్యాయమూర్తి వేషం కట్టాడు, వేసింది అదే కిలియన్ మర్ఫీ.

వీటన్నిటిలోకీ మేలైనది ఒక కోటు. మొదటి సినిమాలో తల్లిదండ్రులు హత్యకు గురైన రాత్రి పోలీసు స్టేషన్‌లో బిక్కచచ్చి కూర్చున్న కుర్రవాడి భుజాల మీద యువ పోలీసు గోర్డన్ ఒక కోటు కప్పుతాడు. కొద్ది క్షణాల దృశ్యం; చూసినవాళ్లు చాలామంది మరిచిపోయి ఉంటారు. ఏడేళ్ల తర్వాత మూడో సినిమా చివర, బాంబును సముద్రం మీదికి మోసుకుపోబోతూ బ్యాట్‌మాన్ తానెవరో గోర్డన్‌కు పేరుతో చెప్పడు. ఆ కోటు గుర్తు చేస్తాడు. గోర్డన్ వేషం వేసిన గ్యారీ ఓల్డ్‌మన్ ముఖంలో అర్థం వెలిగేసరికి విమానం లేచిపోతుంది. మూడు సినిమాల్లోనూ ఇంతకన్నా పొదుపైన వ్యాఖ్య ఇంకోటి లేదు.

మధ్యమ గ్రంథం నుంచి ముఖ్యంగా ప్రాసిక్యూటర్ హార్వే డెంట్ గురించి ఆడిన అబద్ధం కిందికి దిగింది. జోకర్ పేరు పొరపాటున కూడా ఎవరూ ఎత్తరు. ఆ పాత్రధారి హీత్ లెడ్జర్ 2008 జనవరిలో, సినిమా విడుదలకు ముందే మరణించాడు. ఆ మౌనం నోలన్ ఉద్దేశపూర్వకంగా పాటించినదే, టీకాకారుడు దాన్ని కదపడు.

విశేషం. మూడో సినిమాకు ఇంకో మూలం ఉంది, చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’. సంపన్నులను ఇళ్లలోంచి ఈడ్చడం, తీర్పు ముందే రాసిపెట్టుకున్న ప్రజా న్యాయస్థానం, అన్నీ ఫ్రెంచి విప్లవ వాసనే. బేన్ కుడిభుజం పేరు బార్సాడ్, ఒక వ్యాపారి సహాయకుడి పేరు స్ట్రైవర్; రెండూ ఆ నవలలోంచి తెచ్చిన పేర్లు. బ్రూస్ సమాధి దగ్గర గోర్డన్ చదివేది కూడా ఆ నవల ఆఖరి వాక్యాలే. అయితే డికెన్స్ ఆకలిని చూపించి తర్వాత కత్తి చూపించాడు. నోలన్ గోథమ్‌లో జనం ఆకలి ఎక్కడా కనబడదు, అందుకే ఆ విప్లవం బేన్ కిరాయికి తెచ్చుకున్న గుంపులా తోస్తుంది. సినిమాలో ఇదే బలహీనమైన పట్టు. తాలియా అసలు రూపం బయటపడే ఘట్టం, ఆమె మరణం ఇంకా బలహీనం. అక్కడ టీకాకారుడు గొంతు సవరించుకుని ముందుకు పోతాడు.

పాఠాంతరం. 2011 డిసెంబరులో ఈ సినిమా మొదటి ఘట్టాన్ని కొన్ని ఐమాక్స్ తెరల మీద ముందుగా చూపించారు. మూతికి తొడుగున్న బేన్ ఏమంటున్నాడో అర్థం కాలేదని చూసినవాళ్లు గోల చేశారు. విడుదలైన ప్రతిలో గొంతు స్పష్టమైంది. ఎంత స్పష్టమంటే, గదిలో ఏ మూల నిలబడినా పక్కనే ఉన్నట్టు వినబడుతుంది. ఆ విడ్డూరపు యాస పట్టుకోవడానికి నటుడు టామ్ హార్డీ, బార్ట్‌లీ గోర్మన్ అనే పిడికిలి పోరాట వీరుడి గొంతును ఆధారం చేసుకున్నాడు.

పట్టపగలు స్టాక్ ఎక్స్ఛేంజిలో మొదలైన దోపిడి, మోటారు సైకిళ్లు సొరంగం దాటేసరికి నడిరాత్రి కావడమేమని ఒక ఉపశంక. కవులు నిరంకుశులు. తర్వాతి శంక.

ఆఖరి శంక. బ్రూస్ బతికాడా? ఫ్లోరెన్స్ కాఫీ హోటల్లో ఇంటి నౌకరు ఆల్ఫ్రెడ్ చూసి తల పంకించింది నిజమైన బ్రూస్‌నేనా, ముసలితనపు కోరికనా? బతికాడనడానికి తెర మీదే ఆధారాలున్నాయి. బ్యాట్ విమానంలో పనిచేయని ఆటోపైలట్‌ను ఆరు నెలల ముందే బ్రూస్ సరిచేశాడని, అతనికి ఆ విమానం ఇచ్చిన ఫాక్స్‌కు తెలుస్తుంది. ఆస్తి లెక్కల్లో బ్రూస్ తల్లి ముత్యాల దండ తక్కువ పడుతుంది. ఫ్లోరెన్స్‌లో బ్రూస్ పక్కన కూర్చున్న దొంగ సెలీనా మెడలో ఉన్నది అదే.

మరి బాంబు గడియారం చివరి సెకండ్లలో ఉండగా విమానంలో బ్యాట్‌మాన్ ముఖం చూపించారే అంటే, అన్వయక్రమం తెలియక వేసిన ప్రశ్న అది. శ్లోకంలో పదాల వరస వేరు, అన్వయంలో వరస వేరు. ఎడిటర్ లీ స్మిత్ ఛందస్సు కోసం ముక్కలు అటూ ఇటూ వేశాడు. ముందు ముఖం, తర్వాత దూకడం, ఆ తర్వాత గడియారం, ఆపైన పేలుడు అని సర్దుకోవాలి. అలా సర్దుకోనివారికి ఆ హోటల్లో కూర్చున్నది ఎవరో చెప్పడానికి ఇంకో టీక రాయవలసి ఉంటుంది.