విచ్చేయగలరు: ఒక ఆహ్వాన పత్రికకు టీకా తాత్పర్యం

మూలం:
ఆదివారం ఉదయం 10 గంటలకు సముద్రతీరాన కథకుల కలయిక. ఎల్లరూ ఇదే ఆహ్వానంగా భావించి విచ్చేయగలరు. భోజన వసతి కలదు. …డుగు తెచ్చుకొనగలరు.

అవతారిక:
ఈ మూలానికి దొరికింది ఒకే ఒక ప్రతి. గులాబిరంగు కార్డు, జానెడు పొడవు. శుక్రవారం రాత్రి మా భోజనాల బల్లమీద ఉండగా గుమ్మడికాయ పులుసు ఒలికి చివరి వాక్యంలో మొదటి అక్షరం పోయింది. పండితులు దీన్ని గ్రంథపాతం అంటారు. మా ఆవిడ నా నిర్వాకం అంది. కర్త పేరు తెలియదు. “ఇట్లు, నిర్వాహకులు” అని మాత్రం ఉంది. దేశం శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నానికి ఇవతల కొబ్బరితోటల్లో ఒక పల్లె. ఊరి పేరు వ్యాఖ్యాత చెప్పడు. వచ్చే ఏడు కార్డు రాకపోతే నష్టం తనకే.

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి పట్టుబట్టాడు. ఆయనకు మూలం ఇచ్చినవాడు కాళిదాసు. నాకు ఇచ్చింది ఆఫ్‌సెట్ ప్రెస్సు. కాబట్టి లేనిది కూడా కొంత రాయక తప్పదు.

టీక:
ఆదివారం = భానువాసరము. అయినా ప్రయాణం శనివారమే. విశాఖపట్నం నుంచి వచ్చేవాడు శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్లో దిగాలి. దిగితే అది ఆమదాలవలస. శంక: మరి శ్రీకాకుళం ఏది? సమాధానం: ఇంకా పది కిలోమీటర్ల పైనే ఉంది, బస్సెక్కండి. ఆలంకారికులు లక్షణకు చెప్పే పాత ఉదాహరణ ‘గంగలో గొల్లపల్లె’. గంగలో పల్లె ఉండదు గనక గంగ ఒడ్డున ఉందని మనమే సర్దుకోవాలి. రైల్వేవారు అలంకారశాస్త్రం చదివారనడానికి వేరే రుజువు అక్కర్లేదు. ఈ ఒక్క న్యాయం గుర్తుంటే కార్డులో సగం విడిపోతుంది.

(దారిలో విజయనగరం. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది అక్కడే. రైలు ఆగిన కాస్సేపట్లో టీ తాగడమే కుదిరింది గానీ, పక్కసీటాయన గిరీశాన్ని పొందూరు దాకా వదల్లేదు. నా చొక్కా కూడా పొందూరుదే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి వడికిన నూలు. మర్నాడు సభలో ఆ ముచ్చట గొప్పగా చెప్తే, శాకాహారి కవి ఒకాయన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.)

ఉదయం = పొద్దు పొడుచుట. ఈ జిల్లాలో ఈ మాటకు ప్రమాణం అరసవల్లి సూర్యుడి గుడి. ఏడాదికి రెండుమార్లు, మార్చిలో, అక్టోబరులో, తొలి కిరణాలు గర్భగుడిలోకి వెళ్ళి స్వామి పాదాలు తాకుతాయి. వేళ తప్పదు. సూర్యుడు ముఖ్య అతిథి కాడు గనక.

10 గంటలకు = పది గంటల ఒడ్డున. గొల్లపల్లె న్యాయమే. పదికి వెళ్ళిన వ్యాఖ్యాతకు వ్యానులోంచి కుర్చీలు దించుతున్న ఇద్దరు కుర్రాళ్ళూ, మైకులో అంకెలు లెక్కపెడుతున్న మూడోవాడూ కనిపించారు. కొన్ని కుర్చీలు వ్యాఖ్యాత కూడా మోశాడు. పన్నెండుంబావుకు జ్యోతి వెలిగింది.

సముద్రతీరాన = ఇక్కడా ఒడ్డే, కాకపోతే ఒడ్డుకు ఒడ్డు. సముద్రం కనిపించలేదు. మైకు ఆగినప్పుడు వినిపించింది. రెండుసార్లు ఆగింది.

కథకుల = కథలు రాయువారి. ఈ పదం దగ్గర కాస్త కూర్చోవాలి. శనివారం సాయంత్రం శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్ళాను. కాళీపట్నం రామారావు మాస్టారికి 1995లో ‘యజ్ఞంతో తొమ్మిది’కి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ డబ్బు ఇంట్లో ఉంచుకోలేదు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలని 1997 ఫిబ్రవరి 22న ఈ ఇల్లు తెరిపించారు. వారపత్రిక చదివేసి బఠాణీల పొట్లానికి ఇచ్చేసే జాతి మనది. ఆ పొట్లాలన్నీ వెనక్కి అడిగిన మనిషి ఆయన. 2021 జూన్ 4న పోయారు. పాత సంపుటం ఒకటి తీసి తెరిస్తే కాగితం మరమరాల్లా చప్పుడు చేసింది. ఒక అప్పుల కథ జుట్టునూనె ప్రకటనను చుట్టుకుని కిందికి దిగింది. కథ చదివాను, ప్రకటన కూడా చదివాను. నూనె చవకే.

కలయిక = స్పష్టము.

ఇదే ఆహ్వానంగా భావించి = ఉత్ప్రేక్ష. ఆహ్వానం కానిదాన్ని ఆహ్వానంగా ఊహించమంటున్నారు. మరి చేతిలో ఉన్నది ఏమిటి అంటే, వ్యాఖ్యాతలందరూ ఇక్కడ మౌనం.

విచ్చేయగలరు = విచ్చేయు సామర్థ్యము కలవారు. రమ్మనడం కాదు, రాగలరని యోగ్యతాపత్రం.

భోజన వసతి కలదు = అన్నం పెడతారు. ఈ ‘కలదు’ ఇక్కడ ఉండకూడదు. వంశధార దగ్గర, శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి ‘కలదు’లతో జన్మంతా పోట్లాడారు. ఆయన పండితుల ముందు పెట్టిన సాక్ష్యాల్లో టీకలూ ఉన్నాయి. పద్యం ఎంత గ్రాంథికమైనా, దాన్ని విప్పి చెప్పడానికి కూర్చున్న టీకాకారుడు వాడుకమాటల్లోకి దిగక తప్పలేదని పుటలు తీసి చూపించారు. పత్రికల్లోంచి కలదు పోయింది, పాఠాల్లోంచి పోయింది. అదే వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ముంగిట, గులాబి కార్డులో నిక్షేపంగా ఉంది.

పంక్తిలో వడ్డిస్తున్న పెద్దావిడను పులుసు ఉందా అని అడిగాను. “బోల్డుంది బావూ, ఏసుకోండి” అంది. పుట్టిల్లు ఉద్దానమట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నాడు తోటలు కూలిన సంగతి చెప్పింది. “సెట్టు పడిన సప్పుడు నేదు బావూ. అంతా గాలి సప్పుడే. తెల్లారినాక సూస్తే ఆకాశమే ఉంది.” గరిట బకెట్లో పెట్టి పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పూట వేదిక మీద ఆరుగురు మాట్లాడారు. నా నోటుపుస్తకంలో ఉన్నది ఈవిడ మాట ఒక్కటే.

తాత్పర్యం:
భోజనం రెండింటికి.

పాఠాంతరాలు:
చివరి వాక్యంలో పోయిన అక్షరం గురించి. అడుగు అన్నది కుదరదు, అది తెచ్చుకునేది కాదు. పిడుగు అన్నది అశుభం. గొడుగు అని మా ఆవిడ పాఠం. రచయితల సభకు గొడుగేమిటి, గిడుగు అయి ఉంటుందని నేను వాదించి ఆయన పుస్తకం ‘బాలకవి శరణ్యం’ సంచిలో వేసుకున్నాను. మూడింటికి షామియానా నీడ పడమటి వరసలను వదిలేసింది. నేను పడమటి వరస. పుస్తకం తీసి నెత్తిన పెట్టుకున్నాను. మా వరసలో గొడుగు తెచ్చుకున్నవాడు ఒక్కడే, ఆ శాకాహారి కవి. నాకేసి చూశాడు, నా చొక్కాకేసి చూశాడు, గొడుగు అటువైపు వంచుకున్నాడు.