పన్నెండో ఉపన్యాసం

మా ఆయన మొన్న మార్చి నెలాఖరున రిటైరయ్యారు. ముప్ఫయి నాలుగేళ్ల బ్యాంకు ఉద్యోగం. వీడ్కోలు సభలో పదకొండు మంది మాట్లాడారు. ఆయన ఓర్పు గురించి, ఎదుటివాళ్ల కష్టాన్ని గుర్తించే గుణం గురించి, అటెండరు చెప్పినా చెవి ఒగ్గి వినే అలవాటు గురించి ఒక్కొక్కరూ చెబుతుంటే, ఇంత మంచి మనిషెవరో గానీ ఒకసారి మన ఇంటికి భోజనానికి పిలవాలని నాకూ అనిపించింది. చివర్లో నా చేతికీ మైకిచ్చి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. "నమస్కారం", "ధన్యవాదాలు" అనేసరికి రెండూ అయిపోయాయి.

శాలువాలు పద్నాలుగు వచ్చాయి. కప్పగానే జారిపోయే మిషను సరుకు, అన్నిటికీ ఒకటే జరీ పట్టీ. ఇంటికి తెచ్చాక వాటికి చోటు కావాల్సి వచ్చింది. పడగ్గది అలమరలో పై మూడు అరలు ఆయన పాత రేడియోలవి. మొత్తం ఏడు, పలికేది ఒక్కటీ లేదు. కింది అర నా ఊలుది. ఆయన పై నుంచి కిందిదాకా ఓసారి చూసి, "ఆ చెత్త కాస్త తీసేస్తే ఇవి పడతాయిగా" అన్నారు. ఏ చెత్త అని నేను అడగలేదు. సభలో చెప్పకుండా మిగిలిపోయిన పన్నెండో ఉపన్యాసం ఒకటుందని మాత్రం అప్పుడే తట్టింది.

కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర విష్ణువును తిట్టినట్టే తిట్టి ఆకాశానికెత్తాడు. నాకంత పాండిత్యం లేదు. చేతనైంది అల్లిక ఒక్కటే. అందులో ఉన్నవి రెండే కుట్లు, సీదా, ఉల్టా. నిజానికి రెండు కూడా కాదు. ఇవతలి నుంచి సీదాగా కనిపించే కుట్టే అవతల ఉల్టా. అల్లేవాళ్లు నేను రాస్తున్న ఈ సన్మాన పత్రాన్ని ఎటు తిప్పి చదువుకోవాలో నేను చెప్పక్కర్లేదు. మా ఆయన ఎటూ తిప్పరు. లామినేషన్ చేయించి హాల్లో పెడతారు.

సహనమూర్తీ!

ఇన్నేళ్లలో ఊలుకి ఎంత తగలేశావని మీరు నన్ను ఒక్కసారీ అడగలేదు. "మళ్లీనా?" అని మాత్రమే అడిగారు. నేను అల్లుతున్నప్పుడు పక్కన కూర్చుని విసిగించలేదు. చెయ్యి పొడవు తేలేది వరసల లెక్కలో. నేను పెదాలు కదుపుతూ అరవై మూడు, అరవై నాలుగు అనుకుంటుంటే నా ఏకాంతం చెడకూడదని పక్క గదిలోంచే కేకేస్తారు. "ఏమోయ్, గ్యాస్ బుక్కు నంబరు చివర్లో నలభై రెండా, ఇరవై నాలుగా?" అంకెల్లో మునిగిన మనిషిని అంకెలతోనే పలకరించాలన్న సంస్కారం ఎంతమందికి ఉంటుంది? నలభై రెండు అని జవాబిచ్చి, నలభై మూడు నుంచి అల్లుకుపోతాను. ఆ రకంగా మీ స్వెటర్‌కి ఎడమ చెయ్యి కుడిచేతి కంటే నాలుగు వేళ్లు పొడుగొచ్చింది. "చేత్తో చేసింది కదా, అలాగే ఉంటుందిలే" అని మీరే నన్ను ఓదార్చారు.

ఆ స్వెటర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బ్యాంకు మనిషి గనక లెక్కతో చెబుతాను. బూడిద రంగు, వి మెడ. 50 గ్రాముల ఉండలు పన్నెండు. పది సెంటీమీటర్లకి 22 కుట్లు, 30 వరసలు. చుట్టుకొలత 100, పొడవు 60 సెంటీమీటర్లు అంటే ఒంటికే సుమారు 40,000 కుట్లు. చేతులు రెండిటికీ మరో 20,000. మొత్తం 60,000. నిమిషానికి పాతిక చొప్పున ఎక్కడా ఆగకుండా అల్లితే 40 గంటలు. మెడపట్టీ, ముక్కలు అతకడం, తప్పు పడితే విప్పడం, గ్యాస్ నంబర్లు ఇందులో కలపలేదు. పండగ నాడు తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మీరన్న మాట నాకింకా గుర్తు. "కోఠీలో ఇలాంటివే మూడొందల యాభైకి ఇస్తున్నారు."

ఒట్టి మాటలు చెప్పే మనిషి కాదు. ఆ ఆదివారమే వెళ్లి ఒకటి కొనుక్కొచ్చి రుజువు చేశారు. చలికాలం రాగానే మన ఊళ్లకొచ్చి రోడ్డు పక్కన గుడారాలు వేసుకుంటారే, ఆ టిబెటన్ల దగ్గర. వాళ్లు తెచ్చే సరుకు చాలావరకు లూధియానా మిల్లుల్లోదేనండీ అంటే, "కాదు, హిమాలయాల్లో గొర్రె" అన్నారు. అమ్మినావిడ కూడా అంత మాట అనలేదు.

ఇంగ్లండులో విలియం లీ అని ఒక మతగురువు ఉండేవాడు. 1589లో మేజోళ్లు అల్లే యంత్రం కనిపెట్టింది ఆయనే. మనసుపడ్డ అమ్మాయి తన వంక చూడకుండా తల దించుకుని అల్లుకుంటూ కూర్చునేదని, ఆ ఉక్రోషంతోనే ఆ పని చేశాడని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, పాపం, ఎంత శ్రమ పడ్డాడు! మీరైతే సూది కింద పెట్టించడానికి యంత్రాల జోలికి వెళ్లలేదు. "కాఫీ" అంటారు, అంతే.

మితభాషీ!

మీ స్నేహితులెవరైనా "సిస్టరు ఏం చేస్తుంటారు?" అంటే, "ఏం లేదు, ఇంట్లోనే. టైంపాస్‌కి ఏదో అల్లుతుంటుంది" అని నా జీవితచరిత్ర ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మాది నరసాపురం పక్క పల్లె. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని క్రోషా సూదితో లేసు అల్లేది. వెలుతురు ఉన్నంతసేపూ సూది ఆగేది కాదు. ఆ లేసు ఓడలెక్కి పోయేది. మరియా మీస్ అని ఒక జర్మన్ సామాజికవేత్త మా వైపు లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో ఏకంగా పుస్తకం వేసింది. విదేశీ మార్కెట్ కోసం రోజుకి గంటల తరబడి అల్లేవాళ్లు ఇంట్లో తీరిగ్గా ఉండే ఇల్లాళ్లుగానే మిగిలారని, ఆ సరుకు అమ్మిన మగవాళ్లు మాత్రం వ్యాపారస్తులయ్యారని రాసింది. అంత దూరం నుంచి వచ్చి, ఇంటింటికీ తిరిగి, అన్ని పేజీలు రాస్తే గానీ ఆవిడకు తేలని సంగతిని మీరు సోఫాలోంచి లేవకుండా చెప్పేశారు. టైంపాస్.

మీ రేడియోలది టైంపాస్ కాదు, కలెక్షన్. ఆ తేడా నాకు పెళ్లయిన కొత్తలోనే నేర్పారు. ఒకే రకం వస్తువులు ఏడు పోగేసి, ఆదివారం పూట మెత్తటి గుడ్డతో తుడిచి, వాటితో ఏమీ చేయకుండా ఉంటే కలెక్షన్. అదే వాటితో మేజోళ్లు, మఫ్లర్లు తయారైతే గోల.

ఇంటిల్లిపాదినీ వదిలి మీ ఒక్కరినే పొగిడితే పక్షపాతం అవుతుంది. అత్తయ్యగారికి నా ఊలంటే మొదట్లో గిట్టేది కాదు. "ఈ ఎండల్లో ఊలేంటమ్మా, చూస్తేనే చెమటలు పోస్తున్నాయి" అనేవారు. ఇదే ఎండల్లో మన కురుమలు నల్ల గొర్రె బొచ్చుతో నేసిన గొంగడి భుజాన వేసుకుని మందల వెంట తిరగలేదా అత్తయ్యా అన్నాను. "నీకు మందేది?" అన్నారు. జవాబు తోచలేదు. అలాంటి మనిషి ఒక శ్రావణ శుక్రవారం నాడు వంటింట్లోంచి పిలిచి మరీ మెచ్చుకున్నారు. "దారం మెత్తగా భలే ఉందే. పువ్వు కాడ నలగట్లేదు." వెళ్లి చూస్తే బారెడు కనకాంబరాల మాల. గులాబి రంగు మెరినోతో కట్టారు. మనవడికని దాచిన ఉండ అది, బజార్లో ఆ రంగు మళ్లీ దొరకలేదు. అయినా అమ్మవారి మెడలోకి వెళ్లింది గనక నేనూ లెంపలేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అత్తయ్యగారికి తెలియదు.

మా అబ్బాయి షికాగోలో ఉంటాడు. అక్కడ చలి ఉంది. నా చేతిపనికి ఈ భూమ్మీద ఒక చోటుందంటే అదేనని, మనవడికి ఏడాదిన్నర వయసప్పుడు తెల్ల స్వెటర్ అల్లి పంపాను. మావాడు ఇంటి పనులన్నీ భార్యతో సమానంగా చేస్తాడు, నా పెంపకం. ఆ స్వెటర్‌ని కూడా జీన్సు ప్యాంట్లతో సమానంగా చూశాడు. వేడి నీళ్లలో వేసి ఉతికి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాడు. గొర్రె వెంట్రుకకి కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి తగిలి, దొర్లి, ఒకదాన్నొకటి పట్టుకుంటే ఇక వదలవు. మనుషుల్లో అంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదు. వీడియో కాల్‌లో చూపించాడు. కుట్టు కనపడకుండా అట్టలా బిగిసిపోయి అరచేతి మీద పట్టేంతగా ఉంది. "అమ్మా, టెడ్డీకి కరెక్టుగా సరిపోయింది" అన్నాడు. పిల్లవాడు కూడా చప్పట్లు కొట్టాడు. టెడ్డీ ఇప్పటికీ అదే వేసుకుంటుంది. మా ఇంట్లో నేను అల్లింది విప్పకుండా వేసుకునేది అదొక్కటే.

దానకర్ణా!

మీ స్వెటర్ మూడేళ్లు బీరువాలో కలరా ఉండల మధ్య పడి ఉండటం చూడలేక, చలి మన దగ్గరికి రానప్పుడు మనమే చలి దగ్గరికి పోదామని ఒక డిసెంబరులో లంబసింగి ప్రయాణం పెట్టాను. విశాఖపట్నం దాకా రైలు, అక్కడి నుంచి నర్సీపట్నం మీదుగా కారు. తెల్లవారుజామున చెరువులవేనం చేరేసరికి కొండల మధ్య పాలు పొంగినట్టు మంచు. జనం చలిమంటల చుట్టూ మూగి ఉన్నారు. నా గుండె సంతోషంతో కొట్టుకుంటోంది, ఇప్పుడు తొడుక్కోక ఏం చేస్తారని. మీరు సంచి తీశారు. మూడొందల యాభైది తొడిగారు. దాని మీద మంకీ క్యాప్. నా స్వెటర్‌ని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూశారు. పక్కన పల్చటి చొక్కాలో వణుకుతున్న డ్రైవరు కుర్రాడిని చూశారు. "ఇదుగో బాబూ, ఇది ఉంచేసుకో. ఇంట్లో ఇలాంటివి బోలెడున్నాయి" అన్నారు.

ఆ పూట మీ ముఖంలో కనిపించిన తేజస్సు రిటైర్మెంటు సభలో కూడా లేదు. సొంత వస్తువు ఇవ్వడం ఎవరైనా చేస్తారు. ఇంకొకరి 40 గంటలు అంత తేలిగ్గా ధారపోయడానికి ఎంత గుండె కావాలి! నాకు ఏడుపొచ్చింది. చల్లగాలికి కళ్లు నీరు కారుతున్నాయని మీరే చెప్పి, నాకు కర్చీఫ్ కూడా ఇచ్చారు.

దిగేటప్పుడు ఆ కుర్రాడు నాలుగు వేళ్లు పొడుగున్న ఎడమ చేతి కొసని గుప్పిట్లోకి లాక్కుని గేరు రాడ్డు మీద వేశాడు. ఒక మలుపు దాటాక అద్దంలోంచి నా వంక చూసి, "పొద్దున్నపూట ఇనుము ఐసులాగుంటాదండి. మా డ్రైవర్ల కోసం భలే ఆలోచించి అల్లారండి" అన్నాడు. ఆ ఒక్క మాటకోసం మొన్న మీకొచ్చిన శాలువాల్లో ఏడు అతనికి పంపేద్దామనుకున్నాను. అవి వెచ్చగా ఉండవని ఆగిపోయాను.

నాలో తప్పు లేదని కాదు. గుండీలు కొందామని సుల్తాన్ బజారు వెళ్లి ఆరు ఉండలతో వచ్చే మనిషిని నేను, గుండీలు మర్చిపోయి. ఎందుకు కొన్నావంటే చెప్పడానికి కారణం ఉంది. ఒకే రంగైనా వేరే విడత అద్దకంలో ఛాయ మారిపోతుంది. లేబులు మీద లాట్ నంబరు చూసుకుని, కావలసిందానికి రెండు ఎక్కువే ఒకేసారి కొనుక్కోవాలి. ఎన్నిటికి రెండు ఎక్కువ అన్నది మాత్రం లాట్ నంబరు చెప్పదు. ఉన్న ఊలంతా అల్లి పూర్తి చేయాలంటే నాకు ఇంకో జన్మ, ఆ జన్మలో హిమాలయాల్లో కాపురం కావాలి. అందుకే దాస్తాను. రజాయి గలీబుల్లో, పనికిరాని పెద్ద కుక్కర్‌లో, అమెరికా సూట్‌కేసు లోపలి సూట్‌కేసులో. అలమర ఖాళీ చేయమన్న రోజు మీరు నన్ను ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అన్నీ మోసుకెళ్లి ఎక్కడ పెట్టానని కూడా అడగలేదు. ఆ నమ్మకానికి నేను తగను.

మొన్న ఆదివారం మీ స్నేహితుడు వచ్చినప్పుడు మధ్య అరలోంచి ఆ పెద్ద టేకు రేడియోని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి కిందికి దించారు. నేను కాఫీలు తెస్తూ గుమ్మంలో ఆగాను. "వాల్వు సెట్టు. వెనక అట్టకి నాలుగే స్క్రూలు, అయినా ఇన్నేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. ఎందుకంటే లోపల అంతా ఒరిజినల్. ఊరికే చేతులు పెట్టకూడదు" అన్నారు. స్నేహితుడు చెక్క పెట్టె మీద చెవి ఆనించి గౌరవంగా తల ఊపాడు. "బరువు తెలుస్తోందండీ" అన్నాడు.

వాల్వులు మీరు కొన్న నాటికే లేవు. మెరినో, 4 ప్లై, నెమలికంఠం రంగు, ఎనిమిది ఉండలు. లాట్ నంబరు అన్నిటికీ ఒకటే.