పచ్చిమాంసం వ్రతం

జూబ్లీహిల్స్ శునకరాజావారికి పెరుగన్నం పడదు, డబ్బా తిండి వాసన గిట్టదు. అందుకే ఇప్పుడు పచ్చిమాంసం వ్రతం! 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ పుస్తకం రాసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి మన ఫ్రిజ్‌ల దాకా వచ్చింది. పచ్చి కోడిమెడ, కాస్త కార్జం, తూకం వేసి మరీ వడ్డన. రాజావారు మెడను ఓసారి మూతితో కదిపి, కార్పెట్ మీదికి లాక్కెళ్లి, అక్కడే వదిలేసి, పనమ్మాయి తింటున్న ఇడ్లీ ముందు తోక ఊపుతారు. (ఆ ఇడ్లీకి తూకం అక్కర్లేదు లెండి.) పచ్చిమాంసంలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటే కుక్కకేమీ కాకపోవచ్చు; దాని మూతి ముద్దాడే పసివాడికి విరేచనాలు పట్టుకోవచ్చు. పచ్చిమాంసం పెట్టొద్దని అమెరికా పశువైద్య సంఘం 2012లోనే చెప్పింది. అయ్యా, తిండి మార్చే ముందు డాక్టర్నడగండి. వడ్డించాక చేతులూ, గిన్నే సబ్బుతో కడగండి!