ఇరవైకి ఇరవై

రాజయ్య గారు తార్నాకలో ఉంటారు. కుటుంబ సభ్యులు అయిదుగురు. వారానికి మూడుసార్లు ఆకుకూర, రెండుసార్లు గుడ్డు, నెలకోసారి మాంసం. పాలు రోజూ అరలీటరు. ఇన్ని వివరాలు నాకెలా తెలుసంటారా? ఆయన పుట్టింది నా కళ్ల ముందే. ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు, మా ఎదురు ఫ్లాట్‌లో, డైనింగ్ టేబుల్ మీద.

ఆ ఇంటి అబ్బాయి పదో తరగతి. తెల్లారితే బయాలజీ ప్రాజెక్టు ఇవ్వాలి. మీ పరిసరాల్లో పది ఇళ్లకు వెళ్లి, వాళ్ల ఆహారపు అలవాట్లు అడిగి, పట్టికలో రాసి, విశ్లేషించాలి. మా అపార్ట్‌మెంటులోనే ఇరవై నాలుగు కాపురాలున్నాయి. లిఫ్టు కూడా ఎక్కనక్కర్లేదు, మా అంతస్తులో తలుపులు తట్టినా సగం పని అయిపోతుంది. కానీ అబ్బాయికి పొద్దున్నే స్లిప్ టెస్టు. వాళ్ల నాన్నకు క్రికెట్. అందుకని వాళ్ల అమ్మే స్కేలు పట్టి గళ్లు గీసి, పది కుటుంబాలకు ప్రాణం పోస్తున్నారు. ఏడో ఇంటికొచ్చేసరికి పేర్లు అయిపోయాయి. పాల ప్యాకెట్ అప్పు తీర్చడానికి వెళ్లిన నన్ను చూసి, "అన్నయ్యగారూ, ఓ పేరు చెప్పండి" అన్నారు. మొహమాటానికి పోయి రాజయ్య అన్నాను.

తర్వాత తెలిసింది, ఆ పేరు బాగా కలిసొచ్చిందట. సోషల్ ప్రాజెక్టులో వలస కుటుంబం కావాలంటే మళ్లీ రాజయ్యనే పిలిచారు. పాలమూరు నుంచి కూలి పనికి వచ్చి అడ్డా మీద నిలబడతాడు పాపం. లెక్కల ప్రాజెక్టు వీధిలో కరెంటు వాడకం మీద. సగటు, మధ్యగతం, బాహుళకం కట్టాలి. అందులో రాజయ్య గారింట్లో రెండు ఏసీలు, నెలకు 412 యూనిట్లు. తెలుగులో పెద్దల ఇంటర్వ్యూ అడిగితే అదీ ఆయనే ఇచ్చారు, చాలా వినయంగా. బయాలజీలో అరలీటరు పాలు, సోషల్‌లో అడ్డా కూలి, లెక్కల్లో రెండు ఏసీలు. ఒకే బడి, ఒకే పిల్లవాడు, ఒకే టర్ము. ఇదేమిటని అడిగిన నాథుడు లేడు. అన్నిటికీ అయిదుకు అయిదు.

లెక్క తెలియనివాళ్ల కోసం చెబుతాను. తెలంగాణలో పదో తరగతికి సబ్జెక్టుకు వంద మార్కులు. ఎనభై బోర్డు పరీక్షకు, ఇరవై బడి చేతిలో. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు. పూర్తి పేరు ఫార్మేటివ్ అసెస్‌మెంటు, తెలుగులో నిర్మాణాత్మక మూల్యాంకనం. ఆ మాట తడబడకుండా పలికినవాడికి అక్కడికక్కడే రెండు మార్కులు వేయొచ్చు. ఒక్కో ఎఫ్‌ఏలో నాలుగు అయిదులు. భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు అయిదు, రాత పనికి అయిదు, ప్రాజెక్టుకు అయిదు, స్లిప్ టెస్టుకు అయిదు. నాలుగు ఎఫ్‌ఏల సగటు మెమోలోకి ఎక్కుతుంది. ఆరు సబ్జెక్టులకు కలిపి ఆరు వందల్లో నూట ఇరవై అన్నమాట.

ఆలోచన మంచిదే, అది కాదనను. నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అది ఎనిమిదో తరగతి దాకా చెప్పిన మాట, మనవాళ్లు ఉత్సాహం కొద్దీ పదికీ లాగారు. మూడు గంటల్లో పిల్లవాడి బతుకు తేల్చేయడం అన్యాయమంటే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పిల్లవాడు నలుగురి ఇళ్లకు వెళ్లాలి, సిగ్గుపడుతూనైనా అడగాలి, తప్పో ఒప్పో తన చేత్తో రాసుకోవాలి. దానికి మార్కులు తగిలించిన రోజున తల్లులు రంగంలోకి దిగారు. తల్లులకు ఓపిక లేని చోట జిరాక్సు షాపు దిగింది.

మా సందు చివర షాపులో నేనే విన్నాను. ఓ పిల్ల వచ్చి చార్టు అడిగింది.

"ఏ క్లాసు బిడ్డా?"

"టెన్త్ అంకుల్."

"ఎఫ్‌ఏ ఎంత? రెండా? చార్టెందుకు, ప్రాజెక్టే రెడీగున్నది, తీస్కపో. నీటి కాలుష్యం కావాల్నా, ప్లాస్టిక్ కావాల్నా? పేరు, రోల్ నంబరు మాత్రం నువ్వే రాస్కోవాలె."

ఆ చివరి మాట ఆయన కొంచెం గట్టిగానే అన్నారు. పిల్లలు సొంతంగా చేయాల్సిన పని ఒకటుండాలని ఆయనకైనా పట్టింపు ఉంది.

ఇదంతా జరుగుతున్న చోటు చూడండి. తార్నాక చౌరస్తాకు కూతవేటు దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. దేశంలో ఎవరు ఏం తింటున్నారో ఇల్లిల్లూ తిరిగి, పళ్లెంలో పదార్థాలు తూచి రాసుకునే శాస్త్రవేత్తలు అక్కడి వాళ్లు. ఆ గోడ ఇవతల మనం రాజయ్య గారికి ఆకుకూరలు వడ్డిస్తున్నాం. ఇటు రసాయనాలకు ఐఐసీటీ, అటు భూగర్భానికి ఎన్‌జీఆర్‌ఐ, జీవకణానికి సీసీఎంబీ. అడుగు తీసి అడుగు వేస్తే ప్రయోగశాల తగిలే ఈ పేటలో పిల్లలు ప్రయోగం అనే మాటను గైడులోంచి ఎత్తి రాసుకుంటున్నారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు, ఈ పేటకు ఆ పేరు అలా వచ్చిందంటారు. కంచె ఎవరి చుట్టూ వేశారో ఇన్నాళ్లకు అర్థమైంది.

ఈ ఇరవై మార్కుల మాహాత్మ్యం ఊరికే అంటున్నది కాదు, ప్రభుత్వమే నిరూపించింది. కరోనా కారణంగా 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. అప్పటికి జరిగింది ఒక్క ఎఫ్‌ఏ-1. అందులో ఇరవైకి ఎన్నొచ్చాయో చూసి, దాన్ని వందకు లెక్కగట్టి గ్రేడులిచ్చారు. 5,21,073 మంది పాస్. అందులో 2,10,647 మందికి పదికి పది జీపీఏ. అంటే ప్రతి అయిదుగురిలో ఇద్దరు మేధావులే. రెండేళ్లు తిరిగాక 2023 పరీక్ష సంగతి చూడండి. ఇరవై అలాగే ఉంచి ఎనభైకి రాయించారు. పదికి పది వచ్చినవాళ్లు 6,163 మంది. పరీక్ష లేకపోతే రెండు లక్షల మంది, ఉంటే ఆరు వేల మంది. దీన్నిబట్టి పిల్లల తెలివికి పరీక్షే అడ్డమని తేలిపోవడం లేదూ?

పొద్దున పూట ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తాను. తార్నాక వైపు నుంచి లోపలికెళ్లి, 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ ముందు ఓ నిమిషం నిలబడి వెనక్కి రావడం అలవాటు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన తోడుంటారు. ఎఫ్‌ఏ మార్కులు సరిగ్గా వేశారో లేదో చూడ్డానికి వేరే బడి నుంచి టీచర్లు వస్తారు కదా, వాళ్లేం చూస్తారండీ అని అడిగాను.

"బరువు చూస్తార్సార్" అన్నారాయన.

"బరువా?"

"ఫైలు ఎత్తి చూస్తారు. బరువుగా ఉంటే సంతకం. తెరిస్తే వాళ్ల ఫైళ్లు మనమూ తెరవాల్సొస్తుంది గదా."

నడుస్తూనే ఉన్నాం. చెట్ల కింద, లైబ్రరీ మెట్ల మీద, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని గ్రూప్స్‌కు చదివే పిల్లలు. పిల్లలంటున్నాను గానీ కొందరికి ముప్పై దాటింది. వీళ్లలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో ఒకసారి, 2023 జూన్‌లో ఒకసారి, 2024 జూన్‌లో ఒకసారి రాసినవాళ్లున్నారు. మొదటిది పేపర్ లీకై పోయింది, రెండోది కోర్టులో పోయింది. మూడుసార్లు హాలుకెళ్లినందుకు భాగస్వామ్యం కింద ఓ అయిదు మార్కులైనా వేయలేదు సర్వీస్ కమిషన్. ప్రతిస్పందనలు మాత్రం రోడ్డెక్కి బాగానే ఇచ్చారు, వాటికీ సున్నే.

ఇక ప్రభుత్వం సంగతి. 2024 నవంబర్‌లో ఇరవై తీసేస్తున్నాం, ఇకపై వందకు వందా రాత పరీక్షే అన్నారు. తల్లులు ఊపిరి పీల్చుకునేలోపే, ఈ ఏడాది కాదు వచ్చే ఏడాది నుంచి అన్నారు. ఆ వచ్చే ఏడాది వచ్చింది. ఎనభై–ఇరవై కొనసాగుతుందన్నారు. ఈ నిర్ణయాలు కూడా ఎవరో ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు డైనింగ్ టేబుల్ మీద రాస్తున్నారేమోనని నా అనుమానం.

పోనీ ఉంచదలిస్తే నిజాయితీగానే ఉంచండి. మెమో మీద పిల్లవాడి పేరు కింద ప్రాజెక్టు చేసినవారి పేరు అని ఓ గడి పెట్టండి. తల్లి చేస్తే తల్లి, జిరాక్సు షాపు చేస్తే షాపు. క్యాంపస్ పక్క మాణికేశ్వరి నగర్ బస్తీలో పొద్దున్నే పనికి పోయే తల్లి పిల్లవాడు తన ప్రాజెక్టు తనే రాసుకుంటాడు. అక్షరం వంకర పోతుంది, పట్టికలో కొట్టివేతలుంటాయి, పది ఇళ్లకు బదులు ఆరే ఉంటాయి. ఆ ఆరూ నిజం ఇళ్లు. వాడికీ ఇరవైకి ఇరవై వేస్తే నాకేం పేచీ లేదు. కానీ చార్టు మీద మెరుపు కాగితం లేదని పదమూడు వేసే చేతులున్నాయే, వాటి గురించే నా బాధ.

ఎదురు ఫ్లాట్ ఆవిడ నిన్న మళ్లీ తలుపు తట్టారు. ఎఫ్‌ఏ-3కి ఈసారి కొత్త టీచరట. సర్వే చేసిన కుటుంబంతో విద్యార్థి దిగిన ఫోటో తప్పనిసరి అన్నారట. తార్నాక చుట్టుపక్కల రాజయ్య అనే పెద్దమనిషి ఎవరైనా ఉంటే, కుటుంబ సభ్యులు అయిదుగురైతే మరీ మంచిది, దయచేసి కబురు పెట్టండి. సోమవారంలోపు.