మా ఇంటి పోస్ట్‌మాస్టర్ని నేనే

మా ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం, వచ్చే మెయిళ్లు ఇంగ్లీషు. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగిళ్లలో ఇది మామూలే. ఆ మూడో భాషను సాకుగా పెట్టుకుని ఇంటి పెత్తనం లాక్కున్నవాణ్ని మాత్రం బహుశా నేనొక్కణ్నే.

నా పెత్తనానికి సాధనం ఈమెయిల్ అలియాస్. అలియాస్ అంటే పెట్టె లేని చిరునామా. దానికొచ్చిన మెయిల్ అక్కడ ఆగదు, మనం రాసిపెట్టిన చోటికి వెళ్లిపోతుంది. ఇంటిపేరు మీద ఒక డొమైన్ కొని కరెంటు బిల్లుకొకటి, గ్యాసుకొకటి, పిల్లల బడికొకటి, విరుదునగర్‌లో మామగారి మిరపకాయల కొట్టుకొకటి తగిలించాను. కొట్టుకి సొంత చిరునామా వచ్చిందని మామగారు మురిసిపోయారు. అన్నీ చివరికి ఎవరి పెట్టెలో పడతాయని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పైగా నాకు పదవి కూడా ఉంది. మెయిల్ అందుకునే ఏ డొమైనైనా 'పోస్ట్‌మాస్టర్' పేరుతో వచ్చే మెయిల్ తీసుకుని తీరాలని 2008 నాటి ఈమెయిల్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతోంది. ఆ పేరు నాకే పెట్టుకున్నాను. భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మా ఆవిడ సాంబారు గరిట దించకుండానే "జీతమెంత?" అంది.

మా ఊరు కోవిల్‌పట్టి కడలైమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది విరుదునగర్ వెళుతుంది, అక్కణ్నుంచి నూనె పరోటా వస్తుంది, దారిలో సాత్తూరు కారాసేవు పొట్లం కూడా కలుస్తుంది. ఏదీ దారి తప్పదు. తప్పేదల్లా మెయిలే. ఫలానా యంత్రాల నుంచే మా మెయిల్ వస్తుందని బ్యాంకు ముందే జాబితా ప్రకటిస్తుంది, దాన్ని ఎస్పీఎఫ్ అంటారు. మధ్యలో ఫార్వర్డ్ చేసే సర్వర్ ఆ జాబితాలో లేని మొహం. అందుకునేవాడు అనుమానించి స్పామ్‌లో పడేస్తాడు. ఇదంతా మామగారికి ఫోన్లో ఓపిగ్గా వివరించాను. ఆయన అంతకంటే ఓపిగ్గా విని, "అది సరే అల్లుడూ, మెయిలేదీ?" అన్నారు.

ఇక లాభం లేదని కొట్టు మెయిళ్లు మా బావమరిదికి మళ్లించాను. అతనూ నా బాపతే. తన పెట్టెకొచ్చేవన్నీ తిరిగి కొట్టు అలియాస్‌కే పంపేలా ఎప్పుడో అమర్చుకున్నాడట. దాంతో మెయిల్ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. పెళ్లిలో చదివించిన హాట్‌ప్యాక్ నాలుగిళ్లు తిరిగి మన గృహప్రవేశానికే రావడం చూశాం కదా, అడుగున మన పేరు చీటీతో సహా. పోస్ట్‌ఫిక్స్ లాంటి మెయిల్ సర్వర్లు ఆ చీటీనే నమ్ముకున్నాయి. మెయిల్ చేరిన చిరునామాను 'డెలివర్డ్-టు' అని దాని తల మీద రాస్తాయి. అదే చిరునామాతో అది మళ్లీ గుమ్మం ఎక్కితే తిప్పికొడతాయి. చీటీ చింపేసే సర్వర్ మధ్యలో తగిలినా, యాభై చేతులు మారాక పోస్ట్‌ఫిక్స్ ఎలాగూ ఆపేస్తుంది. హాట్‌ప్యాక్‌కి ఆ హద్దు కూడా లేదు.

కొట్టు మెయిళ్లు మళ్లీ నా పెట్టెకే తిప్పుకున్నాను. ఈ గొడవంతా విని మా ఆవిడ, "నాన్నగారి కొట్టువి నాకు పంపండి, నేను చూసుకుంటా" అంది. సరేనని ఆమె చిరునామా పెట్టాను. మా ఫార్వర్డింగ్ సేవకో నియమం ఉంది. కొత్త చిరునామా సొంతదారు కన్ఫర్మేషన్ లింకు నొక్కాలి, అంతవరకు పాత దారే నడుస్తుంది. ఆ లింకు ఆమె స్పామ్‌లో పడి ఉంది. నాకు తెలుసు. ఆమె అడగలేదు.

ఈలోగా మిరపకాయల ధర నేనే చూస్తున్నాను.